అడవంచు ఊళ్లు: అడగండి, చెబుతాం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రెండు వైపుల నుంచి వచ్చాయి. చిత్తూరు జిల్లాలో పలమనేరు, బైరెడ్డిపల్లె వైపు కౌండిన్య అడవి అంచు ఒకటి, తిరుపతి జిల్లాలో చంద్రగిరి, భాకరాపేట వైపు శేషాచలం కొండల పాదాలు ఇంకొకటి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం. పేరు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి అందరికీ మండలం పేరో, చోటు పేరో పెట్టాం.

సార్, రెండేండ్ల కింద మామిడితోట చుట్టూ సోలార్ కంచె వేయించినాం. మొదటి ఏడాది ఏనుగులు దగ్గిరికే రాలేదు. ఇప్పుడు కంచె ఉండేది ఉన్నట్టే ఉండాది, ఏనుగులు మాత్రం వస్తానే ఉండాయి. మిషను బాగుందని మెకానిక్ చెప్పి పోయినాడు. తప్పు యాడుండాది?
– పలమనేరు మండలం

మెకానిక్ చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. సోలార్ కంచెలో ముందు చెడేది తీగకు కరెంటు పంపే మిషను కాదు. గడ్డి, ఎర్తు, బ్యాటరీ ఈ మూడూ చూసుకోండి.

ముందు కంచె కోసమే అమ్మే వోల్టు మీటరు ఒకటి కొనండి. ఇంట్లో వైరింగుకు వాడే మీటరు పెడితే అది కాలిపోతుంది. మిషను దగ్గర ఒకసారి, కంచె చిట్టచివర ఒకసారి చూడండి. మొదట్లో 7, 8 వేల వోల్టులుండి చివర 3 వేలే చూపిస్తే దారిలో ఎక్కడో కారిపోతోందన్నమాట. మొదట్లోనే తక్కువ ఉంటే కంచె తీగను మిషను నుంచి విడదీసి మిషనొక్కదాన్నే కొలవండి. అప్పుడు సరిగ్గా చూపిస్తే జబ్బు కంచెది, అప్పుడూ తక్కువే అయితే బ్యాటరీదో మిషనుదో. ఏనుగును ఆపాలంటే కంచె చివర కూడా 5 వేలకు తగ్గకూడదు.

కారిపోవడానికి పెద్ద కారణం కసువు. వానలు పడ్డ నెలరోజులకే బోద, తీగలు ఎగబాకి కింది తీగను తాకుతాయి. ఒక్క పోచ తాకితే ఏం కాదు, రెండు వందల పోచలు తాకితే కంచెలో కరెంటంతా నేలలోకి పోతుంది. కంచె కింద రెండడుగుల పట్టీని నెలకొకసారి కోసేయాలి. తర్వాత చీకటి పడ్డాక కంచె వెంబడి నిదానంగా నడవండి. పగిలిన ఇన్సులేటరు ఉన్నచోట సెకనుకోసారి ‘టిక్’ మని చప్పుడు, సన్నటి నీలం నిప్పురవ్వ కనిపిస్తాయి. పగలు ఎంత వెతికినా దొరకనిది రాత్రి పది నిమిషాల్లో దొరుకుతుంది.

ఎర్తు సంగతి చాలామందికి పట్టదు. కంచె తీగ నుంచి కరెంటు ఏనుగు ఒంట్లోకి, అక్కడి నుంచి నేలలోకి, నేల నుంచి ఎర్తు రాడ్డు ద్వారా తిరిగి మిషనుకు చేరితేనే దెబ్బ తగిలేది. ఏప్రిల్, మే నెలల్లో మన గరుకు నేల ఎండి పెంకులా అయిపోతే ఆ దారి తెగిపోతుంది. ఆరడుగుల జీఐ (జింకు పూత వేసిన ఇనుప) రాడ్లు కనీసం మూడు, పదేసి అడుగుల ఎడంగా దిగ్గొట్టి, ఒకే తీగతో క్లాంపులు బిగించి కలపాలి. వంక పక్కన చెమ్మ ఉండే చోటైతే మేలు. ఎండాకాలంలో వారానికోసారి రాడ్డు మొదట్లో బిందెడు నీళ్లు పోయండి. అయినా నేల ఎండిపోయే చోట తీగల్లో ఒకటి విడిచి ఒకదాన్ని ఎర్తుకు కలిపేస్తే, ఏనుగు రెండు తీగలనూ ఒకేసారి తాకినప్పుడు నేలతో పని లేకుండానే దెబ్బ తగులుతుంది.

బ్యాటరీ 12 వోల్టులదై ఉంటుంది. తెల్లవారుజామున కొలిస్తే 12 కంటే దిగువకు పడిపోతోందంటే రాత్రి రెండో జాముకే కంచె నీరసపడిపోతోందని అర్థం. డిస్టిల్డ్ వాటరు తగ్గిందా, టెర్మినళ్లకు తెల్లటి పూత పట్టిందా చూడండి. ప్యానెల్ వైపు కూడా ఒకసారి తలెత్తండి. రెండేళ్లలో మామిడి కొమ్మ పెరిగి ప్యానెల్ మీద నీడ పడటం ఈ వైపు తోటల్లో మామూలే.

ఇవన్నీ బాగున్నా ఏనుగు వస్తోందంటే అది నేర్చుకుందన్నమాట. దంతానికి షాకు తగలదు, దంతంతో తీగను లేపి తెంచుతుంది. పాదంతో స్తంభాన్ని తోస్తుంది, లేదా పక్క చెట్టును కంచె మీదికి పడేస్తుంది. అందుకే ఇప్పుడు చాలాచోట్ల వేలాడే కంచె వేస్తున్నారు. ఏనుగు తొండానికి అందనంత ఎత్తులో అడ్డతీగ లాగి, దాని నుంచి సన్న తీగలను కిందికి వేలాడదీస్తారు. స్తంభాలు దూరదూరంగా, తోట లోపలి వైపు ఉంటాయి. పాత కంచె మొత్తం పీకనక్కర్లేదు, ఏనుగులు మళ్లీ మళ్లీ వచ్చే దారి ఉన్న వైపు ఇది వేస్తే చాలు. కందకం తవ్విస్తామన్నా ఒప్పుకోండి కానీ, వంక అడ్డొచ్చే చోట, రాతిబండ తగిలే చోట కందకం పని చేయదని గుర్తుంచుకోండి. ఏనుగులు సరిగ్గా అక్కడే దాటుతాయి.

రాలిన పండ్లు, పనసకాయలు తోటలో ఉంచొద్దు. పాకలో బియ్యం, ఉప్పు, సారాయి దాచొద్దు. ఏనుగులు తోటలో ఉన్నప్పుడు నాలుగు వైపుల నుంచి టార్చీలు వేసి కేకలు పెట్టడం పెద్ద ప్రమాదం. అడవి వైపు దారి ఖాళీగా వదిలి, మిగిలిన వైపుల నుంచే చప్పుడు చేయాలి. పిల్ల ఉన్న గుంపైతే ఆ పనీ చేయొద్దు, అటవీశాఖ వాళ్లకు ఫోను చేసి ఊరుకోండి. 2025లో కర్ణాటక నుంచి కుంకీ (మచ్చిక చేసి నేర్పిన) ఏనుగులు వచ్చాయి, మీ పలమనేరు దగ్గర ముసలిమడుగులోనే వాటి క్యాంపు. గుంపును వెనక్కి మళ్లించే పని వాటిది, మావటీలది.

ఇళ్ల లైను నుంచి కొక్కెం వేసి కంచెకు కరెంటు పెట్టే ఆలోచన మాత్రం ఎవరు చెప్పినా వినొద్దు. సోలార్ కంచెలో కరెంటు సెకనుకోసారి, కన్ను మూసి తెరిచేలోపు వచ్చి పోతుంది కాబట్టి ప్రాణి విదిలించుకుంటుంది. లైను కరెంటు పట్టుకుంటే వదలదు. మొదట చచ్చేది పొరుగింటి ఎద్దో, తెల్లారి నీళ్లు కట్టడానికి వెళ్లిన మనిషో. ఆపైన కరెంటు దొంగతనం కేసు, ఏనుగు పోతే వన్యప్రాణి చట్టం కేసు.

నష్టపరిహారానికి: తొక్కిన కయ్యను సర్దకముందే ఫోటోలు తీయండి, పాదముద్ర పక్కన చెప్పు పెట్టి తీస్తే కొలత తెలుస్తుంది. వెంటనే బీట్ ఆఫీసరుకు, రైతు సేవా కేంద్రానికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం నకళ్లు జత చేయండి. కౌలుకు చేసేవాళ్లు కౌలు కార్డు పెట్టకపోతే డబ్బు భూమి యజమాని ఖాతాకే పోతుంది.

శెనిక్కాయ ఊడలు దిగినప్పటి నుంచి అడవిపందులు వదలడం లేదు. చీరలు కట్టినాం, బొమ్మలు పెట్టినాం. నాలుగు రోజులకే అలవాటు పడిపోయినాయి.
– ఎర్రావారిపాళెం మండలం

పందికి కంటిచూపు అంతంతమాత్రం, వాసన పసిగట్టడంలో దానికి సాటి లేదు. చీరలు దాని కోసం కాదు, మన తృప్తి కోసం. కొబ్బరి తాడును కిరోసిన్, గంధకం కలిపిన ద్రావణంలో నానబెట్టి, చేను చుట్టూ కర్రలకు అడుగడుగు ఎత్తులో మూడు వరసలు కట్టండి. వాసన పోయినప్పుడల్లా, వాన పడ్డాక తప్పకుండా, మళ్లీ తడపాలి. గెనిమకు (గట్టుకు) బయట, పంటకు అడుగు దూరంలో రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు కాలువ తీస్తే పంది దాటడానికి జంకుతుంది, వాననీరూ ఆగుతుంది. వచ్చే ఏడాది చేను చుట్టూ నాలుగు వరసలు ఒత్తుగా ఆముదం వేయండి.

ఏ ఉపాయమైనా పందికి పంట రుచి తెలియకముందే మొదలుపెట్టాలి. ఒకసారి కాయ తిన్న మందను తాళ్లతో ఆపడం కష్టం. నాటుబాంబుల జోలికి మాత్రం పోవద్దు. పంది కంటే ముందు మేతకు పోయిన ఆవు నోట్లో పేలుతున్నాయవి.

మా ఊరి చెరువు కట్ట కింద నీళ్లు ఊరతా ఉండాయి. ఊర్లో కొందరు ‘ఎప్పుడూ ఉండేదే’ అంటారు, కొందరు భయపడతాండారు. 2021లో రాయలచెరువు కట్టకు ఊట పడి ఊళ్లు ఖాళీ చేయించింది చూసినాక నిద్ర పట్టడం లేదు. ఎట్ట తెలుసుకోవాల?
– పాకాల మండలం

భయపడాల్సిందో కాదో ఊట రంగు చెబుతుంది. గ్లాసులో పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. నీళ్లు తేటగా ఉండి, వారం వారం ఊట ఒకే మాదిరిగా వస్తుంటే అది మట్టికట్ట సహజ లక్షణం, కట్ట కింది కయ్యలు దాంతోనే పచ్చగా ఉంటాయి. గ్లాసు అడుగున మట్టి పేరుకున్నా, ఊట రోజురోజుకూ పెరుగుతున్నా కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం. లోపల సన్నటి గొట్టంలా దారి పడుతుంది, అది వెడల్పయ్యేకొద్దీ వేగం పెరుగుతుంది. కట్ట పైనుంచి నీళ్లు పొర్లకుండానే తెగిన చెరువులు ఎక్కువగా ఇలా తెగినవే.

అలాంటప్పుడు అందరూ చేసే పొరపాటు, ఊట వచ్చే చోట బంకమట్టి కొట్టి మూసేయడం. నీళ్లు ఆగవు. పక్కన ఇంకోచోట ఇంకా జోరుగా పొడుచుకొస్తాయి. అక్కడ చేయాల్సింది నీటిని వదిలి మట్టిని ఆపడం. ఊట చుట్టూ మూడు నాలుగడుగుల మేర అరడుగు మందాన ముతక ఇసుక, దానిమీద అరడుగు కంకర, దానిమీద రాళ్లు పేర్చండి. తేటనీళ్లు బయటికొస్తాయి, మట్టి నిలిచిపోతుంది. చుట్టూ ఇసుక మూటలతో గుండ్రంగా చిన్న గోడ కడితే లోపల నీళ్లు నిలబడి ఊట జోరు తగ్గుతుంది. మూసే పని చెరువు లోపలి వైపు చేయాలి. నీళ్ల మీద చిన్న సుడి కనిపించిన చోటే దారి మొదలు. అక్కడ గడ్డి, బంకమట్టి కలిపి కట్టిన మూటలు వదలాలి. ఈత తెలిసినవాళ్లయినా నడుముకు తాడు లేకుండా దిగొద్దు.

అదే సమయంలో తూము ఎత్తి నీటిమట్టం దించాలి. ఊరి సచివాలయానికి, నీటిపారుదల ఇంజనీరుకు కబురు చెప్పాలి, కట్ట కింద ఇళ్లున్నవాళ్లను పక్కకు పంపాలి. ఈ పనులన్నీ ఒకరి తర్వాత ఒకరు కాదు, నలుగురు నాలుగు దిక్కులకు పోయి చేయాల్సినవి.

మన జిల్లాల్లో సంవత్సరపు వానలో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే మేఘాలు వచ్చి తగిలేది శేషాచలానికే. కొండమీద పడ్డ వాన గంటల్లో చెరువుకు చేరుతుంది. కాబట్టి సెప్టెంబరులోనే కట్ట మీద కంప కొట్టించి చూడండి. ఎలుక బొరియలు, పందికొక్కు కన్నాలు తవ్వి, తడిమట్టితో పొరలుగా దిమ్మిసా వేసి మూయండి. కట్టమీద పెరిగిన పెద్దచెట్టును వానల ముందు వేర్లతో పీకొద్దు. ఆ గుంత కట్టకు పుండు అవుతుంది.

మొరవ (ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే అలుగు) దగ్గర ఇంకో జబ్బుంది. నీళ్లు ఇంకాస్త ఆగుతాయని మొరవ మీద ఇసుక మూటలు పేర్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. చేపల వేలంపాట పాడుకున్నవాళ్లు వల కట్టి చెత్త ఆపేస్తారు. మొరవ ఎంత ఎత్తుండాలో కట్ట ఎత్తును బట్టి లెక్కగట్టి కట్టిందది. దాన్ని ఒక అడుగు పెంచితే కట్టకున్న భద్రత ఒక అడుగు తగ్గుతుంది. ఈ ఒక్క విషయంలో ఊళ్లో మొహమాటం పనికిరాదు.

మా పక్క ఊళ్లో కొండ మొదట్లో 200 అడుగులకే బోరు పడింది. మాకు కిలోమీటరు దూరంలో 900 అడుగులు పోయినా దుమ్మే. అదే కొండ, అదే వాన. ఏమిటీ తేడా?
– చంద్రగిరి మండలం

వాన అదే కానీ కింద రాయి వేరు. తిరుమల ఘాట్‌రోడ్డులో ఒక మలుపు దగ్గర ఈ తేడా కంటికే కనిపిస్తుంది. కింద పాతకాలపు గ్రానైటు, దానిమీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు. రెంటికీ మధ్య కోట్ల సంవత్సరాల ఖాళీ. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారక స్థలంగా గుర్తించారు. పై రాయి నిండా చీలికలే, వాన అందులోకి దిగుతుంది. గ్రానైటుకు అంత తాగే గుణం లేదు. అందుకే కొండ మొదట్లో, రాళ్లూ మట్టీ దొర్లి మేటవేసిన చోట, తక్కువ లోతులోనే నీరు దొరకొచ్చు. ఆ మేట దాటి మైదానంలోకి వస్తే పైన కొద్దిపాటి గరుకు, కింద గట్టి బండ. అందులో పగులు తగిలితే నీళ్లు, తగలకపోతే దుమ్ము. నల్లరాయి గోడలా అడ్డంగా దూరిన చోట ఎగువన నీరు నిలిచి దిగువన ఎండిపోవడమూ ఉంటుంది. బండలో లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. 900 దాకా పడనిది 1,200కు పడుతుందన్నది అప్పు పెంచే ఆశ.

కొబ్బరికాయ, వేపపుల్ల పట్టుకుని వచ్చేవాళ్లకు ఇచ్చే డబ్బుతో జియాలజిస్టుతో రెసిస్టివిటీ సర్వే (నేలలోకి కరెంటు పంపి నీటి జాడ చూసేది) చేయించండి. కొత్త బోరుకు వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు వేయకూడదు.

ఉన్న బోరుకు నీరు పట్టించడం ఇంతకంటే చవక. కేసింగు చుట్టూ పదడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంత తవ్వి, గుంతలో ఉన్న కేసింగుకు చిన్న రంధ్రాలు పెట్టి, నైలాన్ జల్లెడ రెండు చుట్లు చుట్టి కట్టాలి. అడుగున పెద్దరాళ్లు, పైన కంకర, ఆపైన ఇసుక. వంక నీరు నేరుగా ఇందులోకి రాకూడదు. ముందు ఒక మడ్డిగుంతలో తేరుకుని రావాలి. లేకపోతే రెండు వానలకే ఇసుక మీద బురద పొర కట్టి పని ఆగిపోతుంది. ప్రతి ఏడాదీ పైనున్న అడుగు మందం ఇసుక తీసి కడగాలి. పశువులపాక నీళ్లు, మందు కొట్టిన తోట నీళ్లు ఇటు రానీయొద్దు.

పంటకుంట గురించి అడిగినవాళ్లకు ఒక లెక్క. పైన 10 మీటర్ల చదరం, లోతు 2.5 మీటర్లు, గోడలు ఒకటికి ఒకటి వాలుతో తీస్తే అడుగున 5 మీటర్ల చదరం మిగులుతుంది. అందులో పట్టేది సుమారు లక్షా 45 వేల లీటర్లు. ఒక ఎకరా మీద పడ్డ వానలో మూడో వంతు పారినా, 110 మిల్లీమీటర్లకు కుంట నిండుతుంది. కొండ వాలులో అది రెండు మూడు మంచి వానల పని. గోడలు నిట్టనిలువుగా తీస్తే ఎక్కువ పడుతుందనుకుంటారు, మొదటి వానకే గట్లు కూలి సగం పూడుతుంది.

రెండెకరాల రాతిభూమిలో ఎర్రచందనం వేయాలని ఉంది. వేస్తే కోసుకోనిస్తారా? కేసులవుతాయేమోనని ఇంట్లో భయం.
– చిన్నగొట్టిగల్లు మండలం

సొంత పట్టా భూమిలో పెంచుకోవచ్చు, అనుమతితో కొట్టుకోవచ్చు. కేసులయ్యేది కాగితం లేని దుంగకు. మొక్క నాటిన ఏడాదే అడంగల్లో (ఊరి భూమి, పంటల లెక్క పుస్తకంలో) చెట్ల సంఖ్యతో నమోదు చేయించి, అటవీశాఖ డివిజన్ కార్యాలయంలో తెలియజేసి నకలు దాచుకోండి. పాతికేళ్ల తర్వాత ఈ చెట్లు అడవిలోవి కావని చెప్పడానికి ఆ కాగితమే సాక్షి. కొట్టేముందు డివిజన్ అటవీ అధికారికి (డీఎఫ్‌ఓ) దరఖాస్తు, రెవెన్యూ, అటవీ అధికారుల ఉమ్మడి సర్వే, చెట్లకు నంబర్లు, కొట్టాక దుంగలకు ముద్ర, రవాణాకు పర్మిట్. ఇందులో ఏ ఒక్కటి లేకుండా దుంగ గేటు దాటినా చిక్కే. విదేశాలకు పంపడం మీద ఇంకా కట్టుదిట్టాలున్నాయి, అది మీ పని కాదు, కొనేవాడి పని.

ఇక సాగు. కాయకు చుట్టూ రెక్క ఉంటుంది, అది కత్తిరించి పేడనీళ్లలో మూడు రోజులు నానబెట్టి ఇసుక మడిలో వేయాలి. అయినా సగానికి సగం మొలవకపోవచ్చు. మొదటిసారి వేసేవాళ్లు ఏడాది మొక్కలు కొనుక్కోవడమే మంచిది. 4 మీటర్ల ఎడంలో ఎకరాకు 250 పడతాయి. అడుగున్నర గుంత, తొలకరికి నాటడం. నీరు నిలిచే నేలలో చచ్చిపోతుంది. డ్రిప్పు పెట్టి ఎరువులు వేస్తే మాను లావెక్కుతుంది, కానీ ధర పలికేది మాను లావుకు కాదు, లోపలి చేవకు. ఆ చేవ పట్టడానికి పాతికేళ్లైనా ఆగాలి. పదేళ్లలో కోట్లు అని చెప్పేవాళ్లు మొక్కలమ్ముకునేవాళ్లు. అప్పు తెచ్చి వేయాల్సిన పంట కాదిది. గెనిమల మీద, పనికిరాని రాతిగుట్ట మీద వేసి మరిచిపోవాల్సినది. మరిచిపోవడమంటే కాపలా కూడా మరిచిపొమ్మని కాదు.

ఎండాకాలం కొండకు మంట అంటుకుంటే మా తోటలోకి దిగుతుంది. ఈసారి ముందే ఏం చేయొచ్చు?
– భాకరాపేట

డిసెంబరు, జనవరిలో, బోద పూర్తిగా ఎండకముందే, తోట కంచె వెంబడి 12 అడుగుల పట్టీని మట్టి కనిపించేదాకా గీకేయండి. ట్రాక్టరుతో రెండు చాళ్లు దున్నినా సరే. అడవి వైపు మీరే నిప్పు పెట్టి కాల్చడం నేరం. ఆ పని అటవీశాఖ వాచర్లతో, వనసంరక్షణ సమితితో మాట్లాడి చేయించాలి. మామిడి మొదట్లో రాలిన ఆకుల కుప్ప ఉంచొద్దు. మంట ఆకుల్లో నిలబడి బెరడును చుట్టూ ఉడికిస్తుంది, చెట్టు ఆ రోజు బాగానే కనిపించి మూడు నెలలకు ఎండిపోతుంది.

మంట దిగువకు నిదానంగా దిగుతుంది, ఎగువకు మాత్రం పరుగెత్తుతుంది. ఆర్పడానికి పోయినవాళ్లు మంటకు పైన, వాలు మీద నిలబడకూడదు. పక్కల నుంచి పచ్చికొమ్మలతో కొట్టుకుంటూ రావాలి. చుట్టుముడితే అప్పటికే కాలిపోయిన నల్లనేల మీదికి పోవడమే దారి. కాలిన చెట్ల కొమ్మలను వెంటనే నరకొద్దు. వానలకు ఏ కొమ్మ చిగురిస్తుందో చూసి, చిగురు రానిది కోసి, కోతకు బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి.

పాము కాటుకు ఊళ్లో పసరు పోస్తారు. ఆసుపత్రి గంట దూరం. ఆ గంటలో ఏం చేయాలి?
– వి.కోట మండలం

కాటు పడ్డ చెయ్యి గానీ కాలు గానీ కదలకుండా కర్ర ఆనించి గుడ్డతో వదులుగా కట్టండి. ఉంగరం, గాజులు, కడియం, మెట్టెలు తీసేయండి, వాపు వస్తే తర్వాత రావు. మనిషిని నడిపించొద్దు, పడుకోబెట్టి తీసుకుపోండి. 108కి ఫోను చేసి, అది వచ్చేదాకా కూర్చోకుండా ఎదురు వెళ్లండి. బిగించి తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు ఇవన్నీ నష్టమే. తాడు బిగించిన కాలును కోల్పోయినవాళ్లున్నారు. పామును చంపి తేనక్కర్లేదు. నాగు, కట్లపాము, రక్తపింజర, ఇసుకపింజర నాలుగింటికీ ఆసుపత్రిలో ఉండేది ఒకే మందు.

అక్కడ డాక్టరు కాస్త రక్తం తీసి పొడి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే పింజర విషం ఎక్కిందని తేలుతుంది. ఊరికే కూర్చోబెట్టారని గొడవ పడి వేరే ఆసుపత్రికి తీసుకుపోవద్దు.

కట్లపాము గురించి విడిగా చెప్పాలి. ఇది రాత్రి, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు, గాటు కూడా కనిపించదు. తెల్లారేసరికి కడుపునొప్పి, వాంతి, తర్వాత కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం. నేలమీద పడుకున్న మనిషి పొద్దున రెప్పలు ఎత్తలేకపోతుంటే గ్యాసు మాత్ర ఇచ్చి కూర్చోవద్దు, వెంటనే బయల్దేరండి. మంచం, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకోవడం, గింజల గాదె పడుకునే గదిలో లేకుండా చూసుకోవడం దీనికి మందు కంటే మేలు.

కొత్త చింతపండు ఆరు నెలలకే నల్లబడి పురుగు పడుతోంది.
– పుంగనూరు మండలం

పురుగు గింజలో దాక్కుని వస్తుంది కాబట్టి గింజ, ఈనె పూర్తిగా తీసేయాలి. రెండు రోజులు మంచి ఎండలో పెట్టి, చల్లారాక జాడీలో గాని కుండలో గాని పొరకో గుప్పెడు కల్లుప్పు చల్లుతూ గాలి లేకుండా గట్టిగా అణిచిపెట్టండి. వేడిమీదే మూత పెడితే లోపల చెమ్మ పడుతుంది. ఇనుప డబ్బా వద్దు. రంగు నల్లబడటాన్ని మాత్రం ఇంట్లో పూర్తిగా ఆపలేరు. ఎర్రగా ఉండాలంటే కోల్డ్ స్టోరేజీయే. వంటకు నల్లటిదైనా ఏం తక్కువ కాదు.

పుంగనూరు ఆవును కొండ కింద మేపుకోవచ్చా? చిరుత భయం ఉంది.
– కల్యాణి డ్యాం దిగువ నుంచి

మేతకు ఇబ్బంది లేదు, తక్కువ తిని బతికే జాతి. పాలు కూడా తక్కువే, రోజుకు రెండు మూడు లీటర్లు అనుకోండి, చిక్కగా ఉంటాయి. డెయిరీకి పోసి లాభం చూద్దామనుకుంటే వేరే జాతి చూసుకోండి. పొట్టిగా ఉన్నదల్లా పుంగనూరు కాదు. కొనేముందు పలమనేరులోని పశు పరిశోధన కేంద్రంలో అసలు ఆవులు ఎలా ఉంటాయో చూసి రండి.

మూడడుగుల ఎత్తులేని ఆవు, దాని దూడ చిరుతకు సులువైన వేట. పగలు మంద వెంట మనిషి ఉండాలి, పొద్దు వాలకముందే ఇంటికి తోలాలి. రాత్రి పాకకు ఆరడుగుల గోడ కట్టినా చాలదు, చిరుత దూకుతుంది. గోడకూ కప్పుకూ మధ్య ఖాళీ అంతా ఇనుప జాలీతో మూసేయాలి. తలుపుకు కింద సందు లేకుండా చూసి, గొళ్లెం బయటి నుంచి వేయండి. కుక్కను బయట కట్టేస్తే చిరుతను పిలిచినట్టే, దాన్నీ లోపలే ఉంచండి.